ఏళుమలై నోట్లో పదకొండు మేకులు

ఆ ఆదివారం పొద్దున చెన్నపట్నం చూలైలోని అనంతరామయ్య కుషన్ వర్క్స్ గోడమీది నల్లపలకపై సుద్దముక్కతో ఈ పనులు రాసి ఉన్నాయి:

లారీ టార్పాలిన్ అంచుకు కన్నాలు పొడిచి రింగులు బిగించాలి.
కొబ్బరి పీచు ఎండలో వేసి విడదీయాలి (పచ్చయమ్మ).
పెద్ద మిషనుకు నూనె.
మేడమీది భాష్యంగారి కోటుకు వెనకవైపు లోపలి జేబు. ఎవరికీ తెలియకూడదు (అని ఆయనే చూలై అంతా చెప్పి ఉన్నారు).
టాకీసు కుర్చీ సాయంత్రం నాలుగింటికల్లా పూర్తి. ఇది మాత్రం తప్పకూడదు.

ఇవన్నీ వెంకటకృష్ణ రాసినవి. వాటి కింద, రాత్రికి రాత్రి మొలిచినట్టు, వేరే చేతిరాతలో ఆరోది ఉంది:

నేరస్థులను పట్టుట. దీనిని నాకు విడిచిపెట్టవలెను. ఇట్లు, అపరాధ పరిశోధక శిఖామణి, భాష్యం.

"ఇదేంది సామీ, నా పలకమీద?" అన్నాడు వెంకటకృష్ణ.

భాష్యం మెట్ల మీంచి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దిగాడు. వారానికి ఆరు రోజులు ఆయన హార్బరులో గుమాస్తా. ఏడో రోజు, మూర్ మార్కెట్లో కొన్న పాత డిటెక్టివ్ నవలల పుణ్యాన, ఇంకేదో.

"వినుము కృష్ణా! ఈ చెన్నపట్నంలో పదిహేను లక్షల బుర్రలున్నవి. అందులో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ టోపీ పెట్టుకొనుటకే పనికివచ్చును."

"ఆ ఒక్కటి ఎవరిది?"

"అడుగుచున్నావంటేనే అది నీది కాదని తేలిపోయినది."

మిషను దగ్గర కూర్చున్న వెంకటకృష్ణ తల్లి కనకవల్లి తల ఎత్తకుండానే అడిగింది. "ఇంతదాకా ఎన్ని కేసులు పట్టుకోనుండారు సామీ?"

"ఒక్కటీ లేదమ్మా. నేను ఈ వీథిలో కాపురం పెట్టితినని తెలిసి నేరస్థులు ఈ దారినే మానుకున్నారు."

"మంచిదే. మీ కోటు ఐపోయింది, తీసుకోండి."

వెంకటకృష్ణ నవ్వలేదు. ఆ రోజు అతనికి నవ్వు వచ్చే స్థితి లేదు. వాళ్ల వంశంలో బి.ఏ. అన్న రెండక్షరాలు పేరు వెనక తగిలించుకున్న మొదటివాడు అతనే. పట్టా చేతికొచ్చిన నెలలోనే తండ్రి అనంతరామయ్య పోయాడు. అప్పటినుంచి రెండేళ్లుగా ఆ పట్టా గోడకు, అతను షెడ్డుకు వేలాడుతున్నారు. లారీ టార్పాలిన్లూ రిక్షా మెత్తలూ షెడ్డును ఈదించలేవని అతనికి తెలుసు. అదృష్టం కొద్దీ మృణాళినీ టాకీసు యజమాని భక్తవత్సలం ఫస్టు క్లాసుకు నూట ఇరవై కొత్త కుర్చీలు కుట్టించదలిచాడు. "నమూనా కుర్చీ ఒకటి చేసి పెట్టండి. ఆదివారం నాలుగింటికి వచ్చి కూర్చుని చూస్తాను," అన్నాడు. సౌకార్‌పేట ధర్మలింగం నమూనా అప్పుడే తయారై, మీద దుప్పటి కప్పుకుని కూర్చుందట. ఈ ఆర్డరు పోతే షెడ్డుకు తాళం. వెంకటకృష్ణకు ఎక్కడో ఒక బడిలో పంతులుద్యోగం దొరక్కపోదు. కానీ అరవై దాటిన ఏళుమలైని ఎవరు పనిలో పెట్టుకుంటారు?

ఏళుమలై ఆ షెడ్డుకు మేస్త్రీ. అనంతరామయ్యకు సుత్తి పట్టడం నేర్పినవాడు. కుర్చీకి గుడ్డ బిగించేవాళ్లంతా మేకులు నోట్లో పెట్టుకుంటారు. నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తోసి, సుత్తితో అందుకుని, టక్ మని కొడతారు. అందులో వింత లేదు. వింతల్లా ఏళుమలై వ్రతంలో ఉంది. ఆయన గురువు ఒకసారి పని మధ్యలో ఎవరికో జవాబు చెప్పబోయి మూడు మేకులు మింగాడు. నాలుగు రోజులు అరటిపళ్లు తిని బతికి బయటపడి, శిష్యుల చేత సుత్తి మీద ఒట్టు వేయించాడు: ఒక కుర్చీకి కావలసిన మేకులు లెక్కపెట్టి నోట్లో వేసుకున్నాక, ఆఖరి మేకు దిగేదాకా నోరు తెరవకూడదు, మేకులు ఉమ్మకూడదు. నలభై ఏళ్లుగా ఏళుమలై ఆ ఒట్టు తప్పలేదు. ఒకసారి షెడ్డులోకి పాము వస్తే, అందరూ బల్లలెక్కి అరుస్తుంటే, ఆయన "మ్మ్" అని దారి చూపించి పంపేశాడు.

ఆ పొద్దున తొమ్మిదింటికి ఏళుమలై కుర్చీకి మూడు వైపులా మెరూన్ రెక్సిన్ బిగించేశాడు. నోట్లో పదకొండు మేకులు మిగిలాయి. నాలుగోదైన ముందు వైపు, పీచు కదలకుండా లోపలి అంచు కుట్టేస్తే ఆ పదకొండూ కొట్టి లేవడమే. ఆ కుట్టుకు నెలవంకలా వంగిన జానెడు సూది కావాలి. అలాంటిది షెడ్డు మొత్తానికి ఒక్కటే ఉంది. దొరలు దేశం విడిచిపోయిన ఏడు, గుర్రపు జీన్ల దుకాణం ఒకటి ఎత్తేస్తుంటే అనంతరామయ్య కొని తెచ్చుకున్నది.

ఆ సూది బల్లమీద ఉంది. దాని పక్కనే భాష్యం తన కోటు పరిచాడు.

"ఈ జేబు మర్మమేమో ఎరుగుదువా కృష్ణా? ముందు జేబులు శత్రువు వెదకును. వెనక తోక భాగమును ఎవడు వెదకును? అందులో ఇది ఉండును." అంటూ ఒక నల్లటి గుండ్రటి ముద్ద తీశాడు. పాత లౌడ్‌స్పీకరులోంచి ఊడబెరికిన సూదంటురాయి. "శత్రువు పిస్తోలు గురిపెట్టగానే నేను వెనుదిరిగెదను. పిస్తోలు వచ్చి నా వీపుకు అతుక్కొనును."

"గుండు ముందుగా వస్తే?" అంది గుమ్మంలో పీచు విదిలిస్తున్న పచ్చయమ్మ.

భాష్యం ఆ ప్రశ్న వినలేదు. రాయిని రహస్యపు జేబులో వేసి, కోటును ఠీవిగా బల్లమీంచి లాగి తొడుక్కున్నాడు. టిక్ మని ఏదో చిన్న చప్పుడైంది. ఏళుమలై ఒక్కడే చూశాడు.

"మ్మ్!" అన్నాడు.

"దీర్ఘాయుష్మాన్ భవ," అన్నాడు భాష్యం, వెళ్లిపోతూ.

పది నిమిషాల్లో షెడ్డు తలకిందులైంది. సూది లేదు. బల్లకిందా, పీచులోనూ, టార్పాలిన్ మడతల్లోనూ లేదు. వెంకటకృష్ణ సైకిలు తీసి వేపేరి దాకా తొక్కి వచ్చాడు. ఆదివారం. కొట్లన్నీ మూత. చెమటలతో తిరిగొచ్చేసరికి షెడ్డు మధ్యలో భాష్యం నిలబడి ఉన్నాడు, చేతిలో నోటుబుక్కుతో.

"కదలకుడు! ఇది సామాన్య దొంగతనము కాదు. దీని వెనుక మహత్తరమైన కుట్ర యున్నది. ఇదిగో, అందరి ఎదుట ప్రతిజ్ఞ చేయుచున్నాను: ఈ కేసు తేలువరకు భాష్యం ఆసనం గ్రహింపడు!"

"అంటే?" అంది పచ్చయమ్మ.

"కూర్చోనని," అన్నాడు భాష్యం, కొంచెం నొచ్చుకుని. తర్వాత చేతి గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు. "చూడుము! తొమ్మిదీ పదికి ఆగిపోయినది. సరిగ్గా నేరము జరిగిన క్షణము! పరిశోధకుని గడియారము నేరపు గాలి సోకగానే ఆగిపోవునని నేను చదివియున్నాను."

"కీ ఇయ్యలేదేమో," అంది కనకవల్లి.

విచారణ పచ్చయమ్మతో మొదలైంది. సూది ఎక్కడ దాచావని అడిగితే ఆమె, "నా కొప్పులోనా సామీ? జానెడు సూది గుచ్చుకుంటే నా మొగుడు దగ్గరికొస్తాడా?" అంది. భాష్యం చెవులు ఎర్రబడి, తర్వాతి సాక్షిని పిలిచాడు.

"పేరు?"

"మ్మ్," అన్నాడు ఏళుమలై.

"ఊరు?"

"మ్మ్."

"సూది ఎక్కడ?"

"మ్మ్! మ్మ్! మ్మ్మ్!" ఏళుమలై వేలు చాచి నేరుగా భాష్యాన్ని చూపించాడు.

భాష్యం గిరుక్కున వెనక్కి తిరిగి తన వెనక ఎవరున్నారా అని చూశాడు. వెనక అనంతరామయ్య పటం ఉంది. "పరలోకగతుడైన యజమానిపై నెట్టుచున్నాడు! గమనించితివా కృష్ణా? పేరుకు ఒక మ్మ్. ఊరుకు ఒక మ్మ్. సూది అనగానే మూడు! ఇది అపరాధపు తొట్రుపాటు."

"నోట్లో మేకులుండాయి సామీ. కుర్చీ అయ్యేదాకా మాట్లాడడు."

"కుర్చీ ఎప్పుడగును?"

"సూది దొరికితే."

"సూది ఎప్పుడు దొరుకును?"

కనకవల్లి ఏళుమలై ముందుకొచ్చి మెల్లగా అంది. "మేస్త్రీ, ఈ ఒక్కసారికి ఉమిసేసి చెప్పు. ఏం కాదు."

ఏళుమలై ఆమెను చూసిన చూపుకు ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తాళి తీసి ఇమ్మంటే ఆడది ఎలా చూస్తుందో అలా చూశాడు. తర్వాత, రాయడం రాదు కాబట్టి, సైగలు మొదలుపెట్టాడు. గాలిలో నెలవంక గీశాడు. తన నడుము వెనక తట్టుకున్నాడు. మళ్లీ నెలవంక, మళ్లీ నడుము.

"నడుము పట్టేసినట్టుండాది, పాపం. పచ్చయమ్మా, నువ్వులనూనె తేవే," అంది కనకవల్లి.

"కాదు!" భాష్యం కళ్లు మెరిశాయి. "నెలవంక, అనగా చీకటి. నడుము వెనుక, అనగా వెన్ను. చీకటిలో వెన్నుపోటు! మనలో ఒక ద్రోహి యున్నాడు!"

అప్పటికి ఏళుమలై ఓపిక అయిపోయింది. ఒక్క దూకున వచ్చి భాష్యం కోటుతోక పట్టుకున్నాడు.

"దాడి! పరిశోధకునిపై దాడి!" అని అరుస్తూ భాష్యం షెడ్డు చుట్టూ పరుగెత్తాడు. వెనక ఏళుమలై, ఆ వెనక నూనెగిన్నెతో పచ్చయమ్మ. మూడో చుట్టులో భాష్యం టార్పాలిన్ గుట్ట ఎక్కి, ఊదుబూర తీసి ఊదాడు. వీథిలోంచి ఒక ఐసుబండివాడు తప్ప ఎవరూ రాలేదు.

మేస్త్రీ ఈ మనిషిని బయటికి నెట్టమంటున్నాడని వెంకటకృష్ణ అనుకున్నాడు. ఆ కోరిక న్యాయంగానే తోచింది. ఏళుమలైని మెల్లగా పట్టుకుని పీచుగుట్ట మీద కూర్చోబెట్టాడు. గుట్ట దిగిన భాష్యం వెంకటకృష్ణ చెవిలో, ఎంచక్కా మామూలు మాటల్లో, గుసగుసలాడాడు.

"కృష్ణా, ఒక మాట. పోయిన నెల ధర్మలింగం ఈయన్ని తన కొట్టుకి రమ్మన్నాడంట గదా?"

అది నిజం. ఆ సంగతి వెంకటకృష్ణకూ తెలుసు. సూది పోయింది ఈ రోజే. పోయినప్పుడు బల్లముందు ఉన్నది ఈయనే. అనుమానం ఒక్క క్షణమే, కానీ ఆ క్షణం అతని కళ్లు ఏళుమలై మీదే ఉన్నాయి. ఏళుమలై ఆ చూపు చూశాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, సైగలు మానేశాడు.

"సౌకార్‌పేటకు పోవుచున్నాను, మారువేషములో!" అని భాష్యం మాయమయ్యాడు.

మధ్యాహ్నం అందరూ అన్నాలు తిన్నారు. ఏళుమలై పక్కన అతని సంగటి గిన్నె మూత తీయకుండానే ఉంది. తమలపాకుల సంచీ ముడి విప్పలేదు. నోట్లో మేకులుంటే మనిషి తినలేడని, గుక్కెడు నీళ్లయినా తాగలేడని వెంకటకృష్ణకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నుంచీ ఈ ముసలాయన ఈ కుర్చీకోసం పస్తున్నాడు. పారిపోయేవాడైతే ఉమ్మేసి పోయేవాడు.

"ఏంరా, పొద్దున ఆయన్ని అట్ల చూస్తివి?" అంది కనకవల్లి, తక్కువ గొంతుతో. "నీకు నడక రానప్పుడు ఈ పీచుగుట్టమీదే ఏలు పట్టుకుని నడిపించినోడు. బి.ఏ. సదివితే కండ్లు పోతాయా నైనా?"

వెంకటకృష్ణ వెళ్లి ఏళుమలై ముందు నేలమీద కూర్చున్నాడు. "తప్పైపోయింది మేస్త్రీ," అన్నాడు. ఏళుమలై అతని తలమీద చెయ్యేసి, "మ్మ్," అన్నాడు.

రెండున్నరకు భాష్యం తిరిగొచ్చాడు. ఒంటిమీద కోటు అలాగే ఉంది. మారువేషమంతా తలపాగా, మీసంలోనే. మీసం ఒకవైపు జిగురు ఊడి వేలాడుతోంది.

"ఏమైంది సామీ?"

"ధర్మలింగం నన్ను గుర్తించలేదు. 'రాండి భాష్యంగారూ, మీసమేంది?' అని మాత్రము అడిగినాడు. మజ్జిగ ఇచ్చినాడు. నిలబడియే తాగితిని. ప్రతిజ్ఞ! మాటల్లో పెట్టి అతని నోటినుండి అన్నియు రాబట్టితిని."

"ఏం రాబట్టినారు?"

"అతనికి సూది పోయిన సంగతి తెలియదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు తెలియును. నేనే చెప్పితిని. వినగానే అతని ముఖమున సంతోషము కనిపించినది. చూచితివా, నేరస్థుని లక్షణము! ఆ వెంటనే టాకీసు భక్తవత్సలం గారింటికి మనిషిని పరుగెత్తించినాడు, చూలైలో నమూనా లేదు, సూదే లేదు అని చెప్పుటకు."

వెంకటకృష్ణ నల్లపలకకు ఆనుకుని నిలబడిపోయాడు. నాలుగింటికి రావలసిన భక్తవత్సలం కారు మూడింటికే వాకిట్లో ఆగింది.

భక్తవత్సలం లావుపాటి మనిషి. కుర్చీల విషయంలో నొచ్చుకున్న మనిషి కూడా. "నమూనా లేదంట గదా అబ్బాయ్?" అంటూ లోపలికి వచ్చాడు. "లేకపోతే లేదని చెప్పు, ఏడవను. నా హాల్లో పాత కుర్చీల కథ విన్నావా? పోయిన శుక్రవారం ఇంటర్వెల్లుకు ముందు ఒక పెద్దమనిషి స్ప్రింగు పొడుచుకుని కుయ్యోమని లేచి నిలబడినాడు. జాతీయ గీతం ఏస్తారేమో అని హాలంతా లేచి నిలబడింది. పది నిమిషాలు ఎవురూ కూర్చోలేదు. ఈసారి కుర్చీ పొడవకూడదు, కిర్రుమనకూడదు. అంతే నాకు కావాల్సింది."

"కుర్చీ ఉండాదయ్యా. ఒక్క వైపు మిగిలింది," అన్నాడు వెంకటకృష్ణ, ఉన్నది ఉన్నట్టు. "సూది కనపడలేదు. దొరికితే అరగంట పని."

"ఆగుడు!" భాష్యం ఇద్దరి మధ్యకు వచ్చాడు. "సూది గూర్చి చింత వలదు. కేసు తేలిపోయినది! ధర్మలింగం పురమాయించగా, ఈ మౌనముద్రలో నున్న వృద్ధుడు అపహరించి, నోటిలో మేకుల మాటున సూదిని కూడ దాచినాడు. జానెడు సూది నోట ఎట్లు పట్టును అందురేమో! వంగినది గనుక పట్టును! దవడ వెంట అమరును! ఇది నా బుద్ధికి తప్ప ఎవరికి తోచును? కేసు తేలినది. ప్రతిజ్ఞ తీరినది. భాష్యం ఇప్పుడు ఆసనం గ్రహించును!"

"మ్మ్మ్మ్మ్!" అని ఏళుమలై రెండు చేతులూ ఎత్తాడు.

భాష్యం కోటుతోక సవరించుకుని, మహారాజులా నమూనా కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన నోట వచ్చింది గ్రాంథికం కాదు.

"అమ్మాడీ! సచ్చిపోతినే! ఓరి నాయనో!" అంటూ మూరెడు ఎత్తు ఎగిరి, టార్పాలిన్ మిషను మీదుగా దూకి, గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు.

భక్తవత్సలం తలపట్టుకున్నాడు. "పొడిచింది! ఇదీ పొడిచింది! నా పాత కుర్చీలే మేలు, కొంచెం చెప్పి పొడుస్తాయి." చెప్పులు వేసుకోబోయాడు.

"అయ్యా, ఒక్క నిమిషం," అన్నాడు వెంకటకృష్ణ. అతని చూపు గోడవైపు తిరిగిన భాష్యం వెనకభాగం మీద నిలిచింది. కోటుతోక కింద, లోపలి గుడ్డకు అతుక్కుని, చివర మాత్రం ధోవతిలో దిగి, నెలవంకలా తళతళా మెరుస్తోంది.

"మేస్త్రీ! ఉండాది! సూది ఉండాది!"

పచ్చయమ్మ కోటు ఎత్తిపట్టింది. ఏళుమలై వచ్చి, పొద్దున్నుంచి కూడబెట్టుకున్న ఓపికంతా వేళ్లలోకి తెచ్చుకుని, కొంచెం అవసరానికి మించి గట్టిగానే, లాగాడు. భాష్యం ఇంకోసారి గ్రాంథికం మరిచిపోయాడు.

ఏళుమలై కుర్చీ ముందు గొంతుక్కూర్చుని అంచు కుట్టాడు. వంకర సూది ఇటు మునిగి అటు తేలింది, చేప ఈదినట్టు. దారం బిగిసినకొద్దీ పీచు సర్దుకుని కుదురుగా కూర్చుంది. రెక్సిన్ లాగి మడిచాడు. పెదాల మీదికి మొదటి మేకు వచ్చింది. టక్. భక్తవత్సలం చేతిలో చెప్పుతో అలాగే నిలబడి, తనకు తెలియకుండానే లెక్కపెడుతున్నాడు. "తొమ్మిది... పది..." టక్.

పదకొండోది దిగింది. ఏళుమలై సుత్తి కిందపెట్టి, దవడలు రెండు చేతులా రుద్దుకుని, ఆరుగంటలు దాటాక నోరు తెరిచాడు. అందరూ ముందుకు వంగారు.

"సామీ," అన్నాడు భాష్యంతో, ఎంతో మర్యాదగా. "సూది మీ కోటుకి అంటుకోనుండాది. పొద్దున తొమ్మిదిగంటలకే చెప్దామనుకుంటి."

"సాక్షి నా పరిశోధనను ధ్రువపరచినాడు," అన్నాడు భాష్యం, గోడవైపు నుంచే నోటుబుక్కులో రాసుకుంటూ. "నేను కావలెననియే కూర్చుంటిని. నేరస్థుడు సూదంటురాయి. పట్టుబడినాడు. కేసు నంబరు ఒకటి."

పచ్చయమ్మ పీచుగుట్ట మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. భక్తవత్సలం చెప్పు వదిలేసి కుర్చీలో మెల్లగా, భయంభయంగా, తర్వాత పూర్తి బరువుతో కూర్చున్నాడు. కదిలాడు. ఊగాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటిదాకా తెరవలేదు. నిద్రపోయాడేమోనని కనకవల్లి కంగారుపడింది.

"చప్పుడు లేదు," అన్నాడు చివరికి. "చేసిన మనిషే ఇంత చప్పుడు లేకుండా ఉంటే కుర్చీ ఎందుకు కిర్రుమంటుంది? నూట ఇరవై. ఇది నూట ఇరవైలో మొదటిది. రేపే మొదలుపెట్టండి." లేస్తూ భాష్యాన్ని చూపించి, "ఈయన్ని మాత్రం నా హాలుకు పంపొద్దు," అన్నాడు.

కారు వెళ్లిపోయాక వెంకటకృష్ణ సంగటి గిన్నె మూత తీసి ఏళుమలై ముందు పెట్టాడు. ముసలాయన రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, "చిన్నయ్యా," అన్నాడు, "ధర్మలింగం పిలిచినప్పుడు నా నోట్లో మేకులుండాయి. జవాబు చెప్పలా. కుర్చీ అయ్యేలోపల ఆయన ఎళ్లిపోయినాడు. అంతే కథ." వెంకటకృష్ణ పలక దగ్గరికి వెళ్లి, ఐదో పని కొట్టేశాడు. ఆరోది కూడా కొట్టబోతే, "దాన్ని ఉండనీ నైనా. ఆయన లేకపోతే సూది ఎట్ల దొరికేది?" అంది కనకవల్లి. ఆయన లేకపోతే పోయేదే కాదని ఎవరూ అనలేదు. మేడమీద భాష్యం బోర్లా పడుకుని రెండో కేసుకోసం ఎదురుచూస్తున్నాడు.

మీరెప్పుడైనా మృణాళినీ టాకీసుకు పోయి ఫస్టు క్లాసులో మొదటి వరస ఎడమచేతి చివరి కుర్చీలో కూర్చుంటే, దీపాలు ఆరగానే ముందు అంచు కింద చెయ్యిపెట్టి తడిమి చూడండి. వరసగా పదకొండు మేకుతలలు తగులుతాయి. ఒక్కటీ పొడవదు. అప్పుడు, బొమ్మ మొదలయ్యేలోగా, ఏళుమలైని ఒక్కసారి తలుచుకోండి. పైకి ఏమీ అనక్కర్లేదు. పెదాలు బిగించి ఒక్క "మ్మ్" అంటే చాలు, ఆయనకు అర్థమవుతుంది.